క్రొత్త వ్యవస్థ – ఉమ్మడి సొత్తు

కంప్యూటరునందు పాత ఆపరేటింగు సిస్టమును తీసివేయక, ఇంకను పరీక్షలో నున్న క్రొత్తదానిని దాని ప్రక్కనే నెలకొల్పుకొనుట విద్యార్థులకు వేడుక. నచ్చనిచో పాతది యుండనే యున్నదని వారి ధైర్యము. ఆ ధైర్యమును గూర్చి నాకు సందేహము గలదు.

2009 జనవరిలో మైక్రోసాఫ్టువారు విండోస్ 7 బీటాను విడుదల చేసిరి. అందలి మీడియా ప్లేయరు ఎమ్‌పీ3 పాటలకు వివరములు చేర్చునపుడు కొన్నిటి మొదటి సెకనులను కోసివేయుచుండెను. వ్యవస్థలు వేఱు భాగములలో నున్నను పాటలు ఉమ్మడి సొత్తు గదా! క్రొత్తది చెఱచినదానిని పాతది బాగుచేయఁజాలదు. కంపెనీవారు సవరణ నిచ్చిరి గాని, సవరణ లోపమును మాన్పును. పోయిన స్వరమును తేలేదు. మా యింట తాతగారు పాడిన పాట యొకటి కలదు. దాని తొలిపలుకు పోయినచో ఎవ్వరు తెచ్చియిత్తురు?

ఒక్క డిస్కును రెండుగా విభజించుట ఒక్క యింట రెండు గదులు కట్టుటవంటిది. వఱదకు నడిమిగోడ అడ్డు గాదు. భద్రాచలమున గోదావరి 43 అడుగులు చేరఁగనే మొదటి హెచ్చరిక చేయుదురు. 53 అడుగుల మూఁడవ హెచ్చరికవఱకు ఆగి మూట గట్టువాఁడు వివేకి కాఁడు. అట్లే మనము వ్రాఁతలను, చిత్రములను ముందే వేఱొక డిస్కునకు చేర్చి, దానిని ఊడఁదీసి దాఁచవలయును. డిస్కును విభజించునపుడు నడుమ కరెంటు పోయినచో రెండు వ్యవస్థలును లేవకపోవచ్చును.

చదువరులారా, క్రొత్తదానిని చూడవలదని నే ననను. పరీక్షించువారు లేనిదే లోపములు బయటపడవు. పోయినను చింతలేని పాత యంత్రముపై పరీక్షింపుఁడు. ఇంటిల్లిపాదికి ఆధారమైనదానిని విడువుఁడు.