ప్రణయకథకు ముందు

నవల వ్రాయవలెనను కోరిక గల సోదరీమణులు మనలో నానాటికి పెరుగుచున్నారు. వంటయిల్లు సర్దుకొని, పిల్లలు నిద్రించిన పిదప నోటుపుస్తకము తెఱచుకొని కూర్చుండు వారిని నేను పలువురిని చూచితిని. వారిలో చాలమంది వ్రాయగోరునది ప్రణయకథయే. ఇందు నవ్వదగినది లేదు. స్త్రీ జీవితమున వివాహము గొప్ప మలుపైనప్పుడు ఆ మలుపును గూర్చి యోచింపగోరుట సహజము. అయితే మొదటి పుటలోనే వెన్నెలయు, గోదావరియు, నాయిక కన్నులును వచ్చును; నాయిక మాత్రము రాదు. ఆ కన్నులు ఎవరివి? ఆమె యెన్ని గంటలకు నిద్ర లేచును? ఎవరికి బాకీ పడియున్నది? ఏ మాటకు నొచ్చుకొనును? ఇవి తెలియకయే మనమామెచేత ప్రేమింపజేయుదుము. పాపము, ఆమె ప్రేమింపక యేమి చేయగలదు? కాదనుటకు ఆమెకు ఇల్లు లేదు, పని లేదు, తనదైన మాట లేదు.

ప్రణయకథ వ్రాయబోవు రచయిత్రి మొదట తెలిసికొనవలసినది నాయిక ఎవరిని వలచునన్నది గాదు, దేనిని కాదనగలదన్నది. ఇది నా నమ్మకము.

ఖమ్మమునుండి భద్రాచలపు అడవులకు బోవు దారిలో నేను కాపురమున్నదానను. ఈ దారిని పోవుకొలది మిరపచేలు తగ్గుచు, వెదురు, టేకు, ఇప్ప, తునికి చెట్లు హెచ్చుచు వచ్చును. ఏటేట శ్రీరామనవమికి సీతారాముల కల్యాణము చూచుటకు జనులు తండోపతండములుగా ఈ దారినే పోవుదురు. పెండ్లికి ఇంత పేరుపొందిన సీమలో పెండ్లికథ వ్రాయుట సులభమని తోచవచ్చును. నిజమునకు ఇచ్చటనే అది కష్టము. కారణము కొంచె మాగి చెప్పెదను.

ఒక యేడాదిగా నేను ఒక కోయ యువతిని నా మనస్సులో పెంచుకొనుచున్నాను. మేడారపు తల్లి పేరు ఈ సీమలో తఱచు వినబడునది గనుక ఆమెకును సమ్మక్క యనియే పేరు పెట్టితిని. నవలలో ఇంకను ఒక్క ప్రకరణమైనను వ్రాయలేదు. ఆమెను గూర్చిన నోటుపుస్తకము మాత్రము నిండవచ్చినది. ఇంట్లోవారు, "ఇంత వ్రాసి, ఇందులో దేనిని అచ్చు వేయింతువు?" అని యడుగుదురు. అచ్చులోనికి రానిదే అచ్చైనదానిని మోయునని నా జవాబు.

ఇందుకు పెద్దల సాక్ష్యము గలదు. ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టెన్ 1813లో, తన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల వెలువడిన యేటనే, లండనులో నొక చిత్రప్రదర్శనమునకు బోయి, తన కథలోని అక్కచెల్లెండ్ర పోలికలకై ఆ పటములలో వెదకినది. అక్క జేను దొరకినదనియు, తెల్లని గౌనుపై ఆకుపచ్చని సొమ్ములు ధరించినదనియు, ఆకుపచ్చ ఆమెకు ప్రియమైన వన్నె యని తాను మొదటినుండియు అనుకొన్నట్లును సోదరికి ఉత్తరము వ్రాసినది. చెల్లెలు ఎలిజబెత్తు పసుపుపచ్చ గౌనులో నుండునని ఊహించినది. ఈ వన్నెల ముచ్చట నవలలో లేదు. రచయిత్రి మనస్సులో నున్నది. అందుచేతనే ఆ పిల్లలు రెండు శతాబ్దములు దాటియు మన యింటి పిల్లలవలె తోచుచున్నారు.

మన తెలుగున యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 1960ల దశకములో జ్యోతి మాసపత్రికలో వెలువడినప్పుడు, తరువాతి సంచికకై స్త్రీలు ఎట్లు ఎదురుచూచిరో పెద్దవారు నేటికిని చెప్పుకొందురు. చెప్పునప్పుడు రాజశేఖరము అందమును, సంపదను తలచుకొందురు. నా మట్టుకు ఆ కథను నిలిపినది జయంతి ఆత్మాభిమానము. ఉద్యోగము చేసి బ్రతుక నేర్చిన పిల్ల గనుక అతని చెంతకు పోవుటకును, దూరమగుటకును ఆమెకు దారి యున్నది. దారి యున్న స్త్రీ నిలిచినప్పుడే ఆ నిలుచుట ప్రేమ యనిపించుకొనును.

ఇక సమ్మక్క సంగతి. ఆమె దుమ్ముగూడెము మండలమున ఒక ఆరోగ్య ఉపకేంద్రములో పనిచేయును. అందఱును నర్సమ్మ యందురు. తల్లి వేసవి మొదట తెల్లవారకమునుపే ఇప్పపువ్వు ఏఱుటకు పోవును. రాత్రి రాలిన పువ్వును ఎండ ముదురకమునుపే ఏఱవలెను. పిదప తునికాకు వచ్చును. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలను కల్లములో లెక్క పెట్టి యొప్పగింతురు. చిన్ననాట తల్లి వెంట ఆకు కోసిన చేయి గనుక సమ్మక్క మందుబిళ్ళలనైనను అయిదైదుగనే లెక్కించును. ఇది కథలో రాకపోవచ్చును. కాని ఆమె చేయి ఎట్లు కదలునో నాకు తెలిసినది.

వానకాలమున ఆమె జీవితమును గోదావరి నడపును. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు వచ్చినది. 2022 జులైలో 71.3 అడుగులు. దారులు మునుగకమునుపే నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రికి చేర్చవలెను. కావున సమ్మక్క కాలమును తిథులతో గాక కాన్పుల తేదీలతో లెక్కించును. ఆమెకు వలపు మాట మొదట చెవినిబడిన దినము పున్నమి గాదు. ఒకామెకు కవలలు పుట్టిన మఱునాడు.

ఆమె ఇంట మాటలాడునది కోయభాష. రిజిస్టరులో వ్రాయునది తెలుగు. కోపము ఏ భాషలో వచ్చును? జోలపాట ఏ భాషలో పాడును? ఇవి యడుగక సంభాషణ వ్రాయరాదు. మన నవలలలో అడ్డంకి కులమో ధనమో యగును. కోయలలో గట్టులు గలవు. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస గనుక వారిలో వారికి పెండ్లి కూడదు. సంప్రదాయమున ఓలి యిచ్చునది వరుని వైపువారు. భర్త పోయిన స్త్రీ మరల మనువాడుట వింత గాదు. అట్టి పిల్ల కంట కట్నపు దుఃఖమును నింపినచో ఆ కన్నీరు రచయిత్రిదే యగును, ఆమెది గాదు. ఆమె మేనమామ కూనవరము వైపు వాడు. 2014లో ఆ మండలము ఆంధ్రప్రదేశములో చేరినది. పోలవరపు ముంపు భయము వారి నిత్యసంభాషణము. మేనత్త కొడుకు సంబంధము కాదనుట సమ్మక్కకు ఒక మనిషిని కాదనుట మాత్రమే గాదు. మునుగబోవు ఊరిని కాదనుట.

ఆమెను వలచినవాడు మైదానపు రైతుబిడ్డ, బడిలో పంతులు. ఇచ్చట నాకొక చిన్న చిక్కు వచ్చినది. పేరులోనే 'అక్క' యున్న పిల్లను అతడు పేరుపెట్టి పిలుచుట ఎట్లు? వరుసలకు ప్రాణమిచ్చు తెలుగువారము గదా! కావున అతడు "నర్సమ్మా" యనును, ఆమె "సారూ" యనును. ఆ రెండు పిలుపుల మధ్యనే ఒక పెద్ద దూరమున్నదని అప్పుడు నాకు బోధపడినది.

ఆ దూరము పేరు భూమి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించినప్పటినుండి, ఏజెన్సీ ప్రాంతపు భూమిని గిరిజనేతరులు కొనరాదు. అట్టి కొనుగోలు చెల్లదు. మేలైన చట్టమే. కాని చట్టమున్నచోట సందును వెదకువారును ఉందురు. గిరిజనుల పేర భూమి కొని తాము సాగుచేయుట, అందుకొఱకే గిరిజన స్త్రీని పెండ్లాడుట ఈ సీమలో జనులెఱిగిన సంగతి. అందఱును అట్టివారు గారు. మనసారా ప్రేమించి భార్య పక్షమున నిలిచినవారును గలరు. ఎవరెట్టివారో పెండ్లినాడు తెలియదు గదా! తండ్రి పోయిన పిదప సమ్మక్క పేర నాలుగెకరముల పట్టా వచ్చినది. ఈ ఒక్క కాగితమును మఱచి వ్రాసినచో నా నవలలోని ప్రతి వెన్నెలయు అనుమానాస్పదమగును. ఇచ్చట పెండ్లికథ కష్టమన్నది ఇందుకే.

పంతులుగారి తండ్రి దుర్మార్గుడా? అతనినిగూడ తెలిసికొనవలెను. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు పడి ఖమ్మము జిల్లా మిరపతోటలు నాశనమైనవి. ఆ యేటి అప్పు అతని నెత్తిమీద నున్నది. నాలుగెకరముల తడి భూమిని చూచినప్పుడు అతని కన్ను అచ్చట ఆగుట దురాశయా, ఆశయా? తీర్పు చెప్పుట నా పని గాదు. ఆ కన్ను ఆగినదని సమ్మక్క చూచునట్లు చేయుట నా పని.

నాయికను పరీక్షించుటకు నాకొక పద్ధతి గలదు. కథలో లేని చోటులందు ఆమెను నిలుపుదును. సంతలో తూకము తగ్గించిన వర్తకునితో ఏమనును? తమ్ముడు మోటారు సైకిలుకై జీత మడిగిన నేమి చేయును? వానలో వాగు దాటవలసినప్పుడు ఎవరికి చెప్పి పోవును? ఇట్లు పలుమారు ప్రశ్నింపగా ఆమె గొంతు తెలియవచ్చినది. వర్తకునితో కేకలు వేయదు. సరకును తిరిగి సంచిలో వేసికొనును. తమ్మునికి ఇచ్చును గాని సగమే యిచ్చును. కావున పంతులు పెండ్లి మాట యెత్తిన నాడు ఆమె ఏడువదు, సిగ్గుపడి పరుగెత్తదు. నెమ్మదిగా నిట్లనును: "సారూ, భూమి నా పేరనే ఉంటది, సాగు మా అమ్మ చేస్తది. మీ నాయన అందులో నాగలి పెట్టొద్దు. ఇది ఒప్పుకుంటేనే మా ఇంటికి రండి."

ఆ మాటకు పంతులు వెంటనే బదులు చెప్పడు. ఆ మౌనము ఎంతసేపన్నదే నా నవల. అతడు ఔననునో కాదనునో నేనింకను నిశ్చయింపలేదు. అతని నోటుపుస్తకము ఇంకను సగమే నిండినది.

సోదరీమణులారా, మన బాలికలు నవలలు చదువుదురు, చదువవలెను. ఎన్నుకొనబడుటయే స్త్రీ భాగ్యమని చెప్పు కథలు వారికి కొదువ లేదు. మీరు కలము పట్టినప్పుడు నాయికకు మొదట సొగసైన కన్నులు ఇయ్యకుడు. ఒక పని యిండు, ఒక బాకీ యిండు, తన పేర ఒక కాగితమో, కనీసము తన మాట చెల్లు ఒక మూలయో యిండు. అప్పుడామెను ప్రేమింపుమని యడుగుడు. ఆమె ఔనన్నచో ఆ ఔను నమ్మదగినది. కాదన్నచో, కథ మార్చుకొనుడు గాని ఆమెను మార్పకుడు.