అలేసియాలో ఎక్స్‌ట్రాలు

హీరోని చూద్దామనే వెళ్ళాను. సినిమా విలేఖరిని కదా, ఎక్కడికెళ్ళినా అలవాటు పోదు!

పోయిన వేసవిలో ఫ్రాన్సు వెళ్ళినప్పుడు దిజోన్‌లో ఉంటున్న మా మిత్రుడు "అలేసియా చూద్దువుగాని పదరా" అన్నాడు. క్రీస్తుపూర్వం 52లో జూలియస్ సీజర్‌కి గాల్ జాతులు ఎదురు నిలిచి ఓడిపోయిన చోటు అది.

కొండమీద హీరో నిలబడి ఉన్నాడు. పేరు వెర్సింజెటోరిక్స్. ఆరు మీటర్ల పైచిలుకు విగ్రహం, జులపాల జుట్టు, వేలాడే మీసాలు! 1865లో మూడో నెపోలియన్ చక్రవర్తి పెట్టించాడు. ముఖంలో ఆ చక్రవర్తి పోలికలే ఉన్నాయంటారు. హీరో పేరుతో దొరికిన బంగారు నాణేల మీద ముఖానికి మాత్రం మీసమే లేదు. నిర్మాతగారే హీరోకి తన ముఖం ఇచ్చారన్నమాట! ఇద్దరం నవ్వుకున్నాం.

ఊరి శిథిలాల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు కనిపించే మొండిగోడలు చాలామటుకు తర్వాత రోమన్ల హయాంలో లేచినవి. అంతకుముందు అక్కడ ఉన్నది మాండుబి అనే తెగవాళ్ళ ఊరు. హీరోకీ, అతని సైన్యానికీ చోటిచ్చింది వాళ్ళే.

సీజర్ ఊరి చుట్టూ రెండు వరసల ముట్టడి కట్టాడు. బయటి వరసే 14 రోమన్ మైళ్ళు! లోపల తిండి నిండుకుంది. అప్పుడు ఆ ఊరివాళ్ళనే పెళ్ళాంబిడ్డలతో సహా బయటికి పంపేశారు. "బానిసలుగానైనా తీసుకోండి, ఇంత తిండి పెట్టండి" అని వాళ్ళు రోమన్లని ఏడ్చి బతిమాలారు. సీజర్ వద్దన్నాడు. ఇటు కోటగోడ, అటు కందకం, మధ్యన వాళ్ళు. సీజర్ రాసిన పుస్తకంలో ఆ తర్వాత వాళ్ళ ఊసే లేదు.

హీరో లొంగిపోయాడు. ఆరేళ్ళు చెరలో ఉంచి, క్రీస్తుపూర్వం 46లో రోమ్ వీధుల్లో ఊరేగించి చంపేశారు. పాపం, అతనిదీ విషాదమే. కానీ అతనికి విగ్రహమైనా దక్కింది.

ఎందుకో ఓ పాత షూటింగ్ గుర్తొచ్చింది. 'ప్రజలు'గా వచ్చినవాళ్ళు పొద్దుటినుంచీ ఎండలో నిలబడ్డారు. వాళ్ళ దాకా భోజనం రాలేదు. వాళ్ళలో ఒక ముసలమ్మ "మా సంగతి కూడా రాస్తావా బాబూ?" అని అడిగింది. తప్పకుండా రాస్తానన్నాను. తీరా రాసింది, హీరోగారి గుర్రపుస్వారీ గురించి రెండు పేజీలు!

ఆ మొండిగోడ పక్కనే నిలబడి నోట్‌బుక్ తీశాను. ముసలమ్మ పేరు గుర్తు తెచ్చుకుందామని చూశాను.

ఆవిడ పేరు నేను అసలు అడగనేలేదని అప్పుడు తెలిసింది.