దూరపు పిలుపు

వినుట యొక విద్య యని పెద్దలు చెప్పగా బాల్యమున నేను నవ్వితిని. చెవులున్న ప్రతివాడును వినుచునే యున్నాడు గదా యని నా తలంపు. ఆ మాట యెంత నిజమో జడ్చర్లలో మా మేడపై గడపిన యొక మధ్యాహ్నము నాకు బోధించినది.

ఆకాశవాణి హైదరాబాదు కేంద్రపు ప్రసారము సెకనుకు 7,38,000 కంపనములు గల తరంగముపై వచ్చును. అంతకంటె నెంతయో మెల్లగా కంపించు తరంగములును కలవు. స్వీడన్ దేశమున గ్రిమెటన్ అను గ్రామమునందు 1924 నాటి ప్రసారకేంద్ర మొకటి యున్నది. దాని తరంగమునకు సెకనుకు 17,200 కంపనములు మాత్రమే. ఆ తరంగపు పొడవు 17 కిలోమీటర్లకు పైమాట. ఇంచుమించు జడ్చర్ల నుండి మహబూబ్‌నగరునకు గల దూరము. అలెగ్జాండర్‌సన్ అను ఇంజనీరు రూపొందించిన మహాయంత్రము గిరగిర తిరుగుచు దానిని పుట్టించును. 2004లో యునెస్కో ఆ కేంద్రమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. క్రిస్మస్ ముందురోజున ఆ యంత్రమును నడిపి, మోర్సు సంకేతములతో చిన్న సందేశము పంపుట అచటివారి ఆచారము. విన్నవారు తాము విన్న సంగతిని వ్రాసి పంపుదురు.

ఇట్టి దీర్ఘతరంగములు భూమికిని, పగటివేళ దాదాపు 70 కిలోమీటర్ల యెత్తున నుండు విద్యుత్పొరకును నడుమ, ఇరుకు సందులో కేకవలె, వేల కిలోమీటర్లు సాగిపోవును. సముద్రజలములో సయితము కొన్ని మీటర్ల లోతు చొరగలవు. అందుచేత నౌకాదళములు జలాంతర్గాములకు వార్తలు పంపుటకు వీనిని వాడును. తిరునల్వేలి కడ విజయనారాయణములో 1990 నుండి మన నౌకాదళమునకు అట్టి కేంద్రము కలదు. వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో మరియొక కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. చెట్లకును మూసీనదికిని హాని కలుగునేమో యని ఆ ప్రాంతీయులు కొందరు కలత చెందిరి. దూరమున నున్న నావికునికి మాట చేరవలెను. దగ్గర నున్న గ్రామస్థుని మాటయు మన చెవిని పడవలెను.

గ్రిమెటన్ పిలుపు వినవలెనని నాకు కోరిక పుట్టెను. కర్రచట్రమునకు సన్నని రాగితీగను నూరు చుట్లు చుట్టి, దాని కొసలను చిన్న యాంప్లిఫయరు ద్వారా ల్యాప్‌టాపునకు కలిపితిని. ఆ కంపనములు కంప్యూటరు గ్రహించు ధ్వనుల మేరలోనివే కనుక వేరు రేడియోతో పని లేదు. తరంగము వచ్చినచో తెరపై గీతగా కనబడును.

ఆ డిసెంబరు 24వ తేదీన ఇరుగుపొరుగు బడిపిల్లలు ఇద్దరు నాతో మేడ యెక్కిరి. మన గడియారమున ఒకటిన్నరకు ప్రసారము. సరిగా 17,200 కడ సన్నని గీత యొకటి మెరసెను. నా ఆనందమునకు మేర లేదు. అప్పుడే స్వీడనునకు ఉత్తరము వ్రాయ మొదలిడితిని.

రెండు గంటలు దాటెను. పిల్లలలో చిన్నవాడు తెరనుండి కన్ను మరల్పక, "సారూ, వాండ్ల వార్త అయిపోయింది గద, గీత ఇంక ఎందుకుంది?" అని యడిగెను. నాకు ముఖము చిన్నబోయెను. వెంటనే క్రిందికి పోయి మెయిన్ స్విచ్చి ఆపివేసితిని. ల్యాప్‌టాపు తన బ్యాటరీతో నడచుచునే యుండెను. గీత మాత్రము మాయమయ్యెను. అది స్వీడను పిలుపు కాదు. మా యింటి దీపముల రొద! ఆ రొద యణగినంత, 18,200 కడ విజయనారాయణపు గీత యొక్కటి నిశ్చలముగా నిలిచి కనబడెను.

ఉత్తరమును చింపివేసితిని. పంపినను నన్ను శంకించువారు లేరు. కాని అప్పుడు నాకు 2004 నాటి సునామీ జ్ఞప్తికి వచ్చెను. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ ఆ డిసెంబరులో పోర్టుబ్లెయిరులో నుండిరి. 26వ తేదీన టెలిఫోనులు మూగవోగా, ఆమె రేడియో ద్వారా అండమానువాసుల క్షేమసమాచారములు బంధువులకు అందినవి. అట్టివేళ వినని పేరును విన్నట్లు చెప్పినచో, ఒక తల్లికి లేని యాశ కల్పించుట గాదా? ఆపదనాటి సత్యమునకు ఆటవిడుపునాడే అలవాటు పడవలెను.

గ్రిమెటన్ పిలుపు నాకు నేటికిని వినబడలేదు. ఏటేట ఆ దినమున మేడ యెక్కుచునే యున్నాను. ఎక్కుటకు ముందు మెయిన్ స్విచ్చి ఆపు పని ఆ చిన్నవానిదే.