రంగూన్‌లో ఢిల్లీ పాదుషా

యాంగోన్ (నాటి రంగూన్) నగరంలో ష్వేడగాన్ స్వర్ణస్తూపం దాపున, జివాకా వీధిలో ఉన్న చివరి మొఘల్ పాదుషా బహదూర్ షా జఫర్ సమాధిని చూడటానికి వెళ్లే యాత్రికుడు మొఘల్ చక్రవర్తి స్మారకమనగానే ఏ హుమాయూన్ సమాధినో, సికంద్రాలోని అక్బర్ సమాధినో మనసులో పెట్టుకొని బయలుదేరతాడు. తీరా చేరుకున్నాక కనిపించేది దర్గా, అంటే సూఫీ మహాత్ముల సమాధి దగ్గర మొక్కులు చెల్లించుకోవడానికి జనం చేరే చోటు. అక్కడ రాజదర్పం పేరుకైనా లేదు. చెప్పులు విడిచి, ఎండకు కాలిన గచ్చు మీద గబగబా నడిచి లోపలికి చేరితే, పై గదిలో జఫర్‌కు, ఆయన భార్య జీనత్ మహల్‌కు, మనుమరాలు రౌనక్ జమానీకి గుర్తుగా కట్టిన మూడు సమాధులు పట్టు వస్త్రాల కింద వరుసగా కనిపిస్తాయి. పాదుషా అసలు సమాధి వీటి నడుమ లేదు. అది మెట్లు దిగి వెళ్తే భూగర్భంలో ఉంది.

కింది గది ఇరుకైనది. అత్తరు, అగరుధూపం, వాడుతున్న గులాబీరేకులు కలిసి ఊపిరాడనివ్వని వాసన అక్కడ నిలిచి ఉంటుంది. ఎక్కువసేపు నిలబడటం కష్టమే. యాత్రికుడు చూస్తుండగా చంకలో బిడ్డతో వచ్చిన ఒక బర్మా ముస్లిం స్త్రీ చిన్న సీసాలోని అత్తరును సమాధి మీది బట్టపై చిలకరించి, వేలికి అంటిన తడిని బిడ్డ నుదుటికి రాసి, పెదవులు కదుపుతూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. ఆమె మొక్కు ఎర్రకోట పాదుషాకు కాదు, దీవెన ఇవ్వగల పీరుకు, అంటే సూఫీ గురువుకు. ఇది చరిత్రను మరిచిన భక్తి అని తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే జఫర్ ఢిల్లీలో ఉన్నప్పుడే చిష్తీ సంప్రదాయంలో శిష్యులను చేర్చుకొన్న గురువు కూడా. ఆయన రాజ్యం 1837లో పట్టాభిషేకం నాటికే కోట గోడలకు అవతల ఇంచుమించు లేదు గనుక, జివాకా వీధి జనం ఆయనలో సత్యమైన సగాన్నే నిలుపుకొన్నారనవచ్చు.

ఇక్కడికి వచ్చే భారతీయులు మాత్రం మొక్కు కోసం గాక ఒక గజల్ కోసం వస్తారు. గజల్ అంటే ఒకే ఛందస్సులో, ఒకే అంత్యప్రాసతో సాగే ద్విపదల మాల. చివరి ద్విపదకు మక్తా అని పేరు, అందులో కవి తన కలంపేరును పొదుగుతాడు. పాడుబడ్డ నేలలో మనసు నిలవని వృద్ధుడు సొంత గడ్డ మీద సమాధికి కూడా చోటు దక్కలేదని వాపోయే ఆ గజల్ మక్తాలో జఫర్ పేరుంది. 1960లో వచ్చిన ‘లాల్ ఖిలా’ చిత్రంలో మహమ్మద్ రఫీ గొంతు దాన్ని ఉర్దూ అక్షరం ముక్క రాని ఇళ్లలోకి సైతం చేర్చింది. అయితే అది జఫర్ రాసినదేనా అన్న సందేహం పండితుల్లో చాలాకాలంగా ఉంది. అదే చిత్రంలో రఫీ పాడిన, జఫర్‌దిగానే ప్రచారమైన మరో గజల్ నిజానికి ముజ్తర్ ఖైరాబాదీ రచన అని ఆయన మనుమడు, కవి జావేద్ అఖ్తర్ చెబుతూ వచ్చారు. బ్రిటిష్ వారు విధించిన రంగూన్ ప్రవాసంలోని ఆంక్షలను చూస్తే సందేహం ఇంకా బలపడుతుంది: ఖైదీల కాపలాదారు కెప్టెన్ నెల్సన్ డేవీస్ నివేదిక ప్రకారం పాదుషా పరివారపు తిండికి రోజుకు 11 రూపాయలు, ఆదివారాల్లో అదనంగా ఒక రూపాయి ముట్టేవి గాని, కలం, సిరా, కాగితం మాత్రం పూర్తిగా నిషిద్ధం. జౌక్‌ను, ఆయన 1854లో మరణించాక గాలిబ్‌ను కవితాగురువుగా పెట్టుకొన్న మనిషికి ఆదివారపు రూపాయి ఇచ్చి కాగితం ఇవ్వకపోవడంలో ఉన్న క్రౌర్యం ఉరితీతలోని క్రౌర్యంకన్నా సూక్ష్మమైనది. బొగ్గుముక్కతో గోడల మీద రాసుకొన్నాడన్న కథ బహుశా ఆ నిషేధం లోంచే పుట్టి ఉంటుంది. జనం పాదుషా చేతికి తామే కలం అందించారు.

1857 తిరుగుబాటు ఓడిపోయాక, 1858 జనవరి నుంచి మార్చి వరకు ఎర్రకోటలోని దివానే ఖాస్‌లోనే, అంటే తాను కొలువుతీరిన మందిరంలోనే, విచారణకు గురైన జఫర్‌ను అదే ఏడు అక్టోబరు 7న తెల్లవారకముందే ఢిల్లీ దాటించారు. డిసెంబరులో ఆయన రంగూన్ చేరారు. నాలుగేళ్లకు, 1862 నవంబరు 7 వేకువన, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ సాయంత్రమే పాతిపెట్టారు. గోతిలో సున్నం వేశారు, పైన పచ్చగడ్డి పరిచారు, చుట్టూ వెదురు కంచె కట్టారు. ఆ కంచె శిథిలమయ్యే నాటికి గడ్డి అంతటా అల్లుకుపోయి సమాధి జాడ ఎవరికీ తెలియకుండా పోతుందన్నది డేవీస్ లెక్క. లెక్క దాదాపు ఫలించింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో రంగూన్ ముస్లింలు పట్టుబట్టాక 1907లో ప్రభుత్వం ఒక రాతిపలకకు ఒప్పుకొన్నా, ఆ పలక నిలిచింది అంచనాగా గుర్తించిన చోటే. 1943లో సుభాష్ చంద్రబోస్ వచ్చి నివాళి అర్పించినదీ ఆ అంచనాకే. 1991 ఫిబ్రవరిలో దర్గా ఆవరణలో మురుగుకాలువ కోసం తవ్వుతున్న కూలీలకు మూడడుగుల లోతున ఇటుకల గూడు తగిలిన తర్వాతే పాదుషా దొరికారు.

తన సమాధికి ఆయన కోరుకొన్న చోటు ఢిల్లీ దక్షిణాన మెహ్రౌలీలో, కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా పక్కన ఉన్న జఫర్ మహల్ ఆవరణలో నేటికీ ఖాళీగానే ఉంది. ఆయన రోజుల్లో వానాకాలం రాగానే కొలువంతా మెహ్రౌలీకి తరలివెళ్లేది. పూలతో అల్లిన పెద్ద విసనకర్రలను కాకీ దర్గాకూ యోగమాయ గుడికీ ఊరేగింపుగా తీసుకెళ్లే ‘ఫూల్‌వాలోం కీ సైర్’ ఉత్సవం ఆయన తండ్రి రెండో అక్బర్ కాలంలో మొదలైంది. రంగూన్‌లోనూ వాన కొరత లేదు; నెలల తరబడి కురిసే ఆ వాన వృద్ధుడికి దేన్ని గుర్తుచేసి ఉంటుందో చెప్పడానికి మక్తా అక్కర్లేదు.

దర్గా నుంచి బయటపడిన యాత్రికుడికి ఆకలి చరిత్రను మించిపోగా, వీధి మలుపులోని టీ కొట్టులో దొరికిన మొహింగా ఆనాటి మధ్యాహ్నాన్ని నిలబెట్టింది. జెల్ల జాతి చేపను ఉడికించి, ముళ్లు తీసి, పసుపు, అల్లం, నిమ్మగడ్డితో కాచి, శనగపిండితో చిక్కబరచిన పులుసులో అరటి దూట ముక్కలు వేసి, సన్నని బియ్యపు నూడుల్స్ మీద పోసే ఈ వంటకానికి తోడుగా ఆనపకాయ ముక్కల బజ్జీలు నంజుకు ఇస్తారు. గోదావరి జిల్లాల నాలుకకు ఇందులో పరాయిదనం పెద్దగా తోచదు, పులుపు ఒక్కటే చాలదు. అందుకు నిమ్మచెక్క ఉంది. వెంట వచ్చిన టీ మాత్రం డబ్బాపాల తీపితో నోరు కట్టేసింది. తర్వాతి రోజులు బగో నగరపు బుద్ధవిగ్రహాల నడుమ, వానల్లో, పెద్దగా చెప్పుకోదగినవేవీ లేకుండానే గడిచాయి.

ష్వేడగాన్‌కు వెళ్లే దారిలోనే మరో సమాధి ఉంది. 1885లో బ్రిటిష్ వారు పదవీచ్యుతుణ్ణి చేసి కొంకణ తీరపు రత్నగిరికి పంపిన బర్మా చివరి రాజు తీబో 1916లో అక్కడే చనిపోగా, 1919లో స్వదేశానికి తిరిగివచ్చిన ఆయన రాణి సుపయలాట్ 1925లో మరణించి ఇక్కడ నిద్రిస్తోంది. ఢిల్లీ పాదుషాను బర్మాకు, బర్మా రాజును కొంకణానికి మార్చిన ఈ ఏర్పాటులో పాలకులకు ఏ వింతా తోచలేదు. సొంత నేల నుంచి దూరం చేస్తే చాలు, రాజు మామూలు ముసలివాడైపోతాడని వారికి బాగా తెలుసు.

అయితే బంగాళాఖాతం దాటి ఈ రేవులో దిగినవారిలో రాజుల కంటే కూలీలు లక్షల రెట్లు ఎక్కువ. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు పేరుతోనే బర్మా వారు తెలుగువారిని గుర్తించేవారు. రంగూన్‌ను ‘రంగం’ అని పిలుచుకొన్న గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల వారు ఇక్కడ ఓడల్లో సరుకు ఎత్తారు, రిక్షాలు లాగారు, బియ్యపు మిల్లుల్లో ఊక మింగారు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు యజమానులు బర్మీయులను పనిలోకి తెచ్చి, సమ్మె తీరగానే వారిని తీసేయడంతో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడ్డప్పుడు లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడిచివెళ్లారు. దారిలో రాలిపోయినవారికి సమాధులు లేవు, వెదురు కంచెలూ లేవు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన తర్వాత తిరిగివచ్చినవారికి విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పడింది. వారిలో చాలామందికి పోగొట్టుకొన్న ఊరు రంగమే గాని విశాఖ కాదు. ఆ ఊరి మీద బెంగ తెలుగులో గజలూ కాలేదు, పద్యమూ కాలేదు. సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’ నాటకం మాత్రం ఊరూరా టిక్కెట్లు అమ్ముకొంది.