మునిగే పడవ

"మునగటానికి పడవ కడతావా?" అని మా నాన్న అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

అది 2020 వేసవి. హైదరాబాదులో ఆఫీసు మూసేస్తే, లాప్‌టాప్ సంకలో పెట్టుకుని నర్సాపురం దగ్గర మా ఊరికి వచ్చి పడ్డాను. పగలంతా మీటింగులు. సాయంత్రమైతే ఏం తోచేది కాదు. ఒకరోజు అరుగు మీద సుద్దముక్కతో 127 సెంటీమీటర్ల గీత గీశాను. విశాఖ బీచిలో ఉన్న జలాంతర్గామి కుర్సురా పొడవు 91.3 మీటర్లు. 72తో భాగిస్తే దాదాపు అంతే వస్తుంది. ఆ గీత చుట్టూ పొట్ట, తోక, పైన తెరచాపలాంటి బురుజు గీస్తుంటే నాన్న వెనక నుంచి వచ్చి ఆ మాటన్నాడు.

కుర్సురాని మొదటిసారి చూసింది పదో తరగతి విహారయాత్రలో. 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. 2002 ఆగస్టు నుంచి రామకృష్ణా బీచిలో మ్యూజియం. ఒక వైపు నుంచి ఎక్కి, గుండ్రటి కంతల్లోంచి వంగి వంగి దూరుకుంటూ రెండో వైపు దిగుతాం. 75 మంది బతికిన చోటది. మిగతా పిల్లలు టార్పెడోల దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను బయటికొచ్చి కింద నిలబడిపోయాను. మామూలుగా నీళ్ళలో ఉండి ఎవరికీ కనపడని భాగమంతా అక్కడ ఇసుక మీద బట్టబయలుగా ఉంది. మూడు ప్రొపెల్లర్లు, చుక్కానులు, పొట్ట పొడుగునా వరసగా కంతలు. పడవకి అన్ని కంతలేంటని అప్పట్నుంచీ అనుమానం.

ఆ అనుమానమే మోడల్ కట్టటంలో మొదటి పాఠం అయ్యింది. జలాంతర్గామికి రెండు ఒళ్ళు. బయట కనిపించేది తొడుగు. నీళ్ళు అందులోకి ఆ కంతల్లోంచి ధారాళంగా వచ్చిపోతాయి. మనుషులుండే గట్టి గొట్టం లోపల ఉంటుంది. ఆ రెంటి మధ్య ట్యాంకులు. వాటిలో గాలి ఉంటే తేలుతుంది, గాలి వదిలి నీళ్ళు నింపితే మునుగుతుంది. మళ్ళీ గాలి కొట్టి నీళ్ళు తోసేస్తే పైకొస్తుంది. సూత్రం ఇంతే. కష్టమంతా ఈ 'మళ్ళీ'లోనే ఉంది.

నాన్నది లేతు మిషను పని. పాలకొల్లులో ఒక షెడ్డులో నలభై ఏళ్ళు చేశాడు. రొయ్యల చెరువులొచ్చాక ఏరియేటర్ల షాఫ్టులు, గేరుబాక్సులు. నీళ్ళలో తిరిగే ఇనుము గురించి ఆయనకి తెలియంది లేదు. కానీ నీళ్ళంటే పడదు. గోదావరికి అరగంట దూరంలో పెరిగి కూడా నాకు ఈత రాదంటే కారణం ఆయనే. పంటు మీద సఖినేటిపల్లి వెళ్ళాల్సొస్తే అంచుకి పోనివ్వకుండా మధ్యలో నిలబెట్టి నా చెయ్యి పట్టుకునేవాడు. నాకు ఇరవయ్యేళ్ళొచ్చాక కూడా. ఇంట్లో గోడ మీద మా బాబాయి ఫొటో ఉంటుంది. నేను పుట్టడానికి పదేళ్ళ ముందు, పందొమ్మిదేళ్ళ వయసులో వశిష్ఠలో పోయాడు. నాకు తెలిసిందంతే. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. ఆ తర్వాత నాన్న టీవీ కట్టలేదని అమ్మ ఫోనులో చెప్పింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి, లంగర్లు వేసి, తాళ్ళు తెగుతున్నా మళ్ళీ వేసి, అక్టోబరు 22న బోటుని ఒడ్డుకి లాగేదాకా ఆయన రోజూ ఆ వార్తల ముందే కూర్చున్నాడట. "బయటికి తీశారు" అని ఒక్కమాట అని, టీవీ కట్టేసి, వెళ్ళి పడుకున్నాడట.

అలాంటి మనిషి ముందు నేను సరదాగా మునిగే పడవ గీస్తున్నాను. నా బుర్రకి అప్పుడది తట్టనే లేదు.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు షాఫ్టు బయటికొచ్చే చోట నేను గీసిన బొమ్మ చూసి ఆగలేకపోయాడు. "ఇదేం సీలురా, అరగంటలో లోపల చెరువైపోద్ది" అన్నాడు. అలా మొదలైంది.

తొడుగు ఫైబరుతో చేశాం. ప్లైవుడ్ చట్రాల మధ్య థర్మోకోల్ నింపి, కుర్సురా ఆకారం వచ్చేదాకా రాకి, దానిమీద అచ్చు తీశాం. వేట పడవలు కట్టే కుర్రాడొకడు మ్యాటు, రెజిను ఎలా వెయ్యాలో చూపించాడు. "ఇంత చిన్నదాన్ని వేటకెక్కడికి తీసుకెళ్తారండి?" అని ఒకటే నవ్వు. లోపలి గొట్టానికి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు. రెండు పక్కలా మూతలు నాన్న లేతు మీద పట్టాడు, ఒక్కోదానికి రెండేసి ఓ-రింగులు. ట్యాంకుగా పెద్ద సిరంజిలాంటిది చేశాడు. లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, పిస్టను నడక 120. మర రాడ్డుని మోటారు తిప్పితే 340 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు పీల్చుకుంటుంది, వెనక్కి తిప్పితే కక్కేస్తుంది. బరువుకి వలలకి కట్టే సీసం గుళ్ళు, తేలటానికి వలల బెండ్లు. సీసం కింద, బెండు పైన. తలకిందులైతే పడవ బోర్లా పడుద్ది.

రెండేళ్ళు పట్టింది. మధ్యలో మూడుసార్లు విశాఖ వెళ్ళొచ్చాను, కంతలు లెక్కపెట్టుకోటానికి. మూడోసారి నాన్న కూడా వచ్చాడు. లోపలికి రాలేదు. బయట ప్రొపెల్లర్ల కింద నిలబడి షాఫ్టులు చూస్తూ ఉండిపోయాడు. తిరుగు రైల్లో 'ఘాజీ' సినిమా మాటొచ్చింది. 1971 డిసెంబరులో విశాఖ బయట మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి ఎలా పోయిందనే దానిమీద రెండు దేశాలూ రెండు కథలు చెబుతాయని, అందులో 90 మందికి పైగా చనిపోయారని చెప్పాను. కాసేపాగి, "ఇంకా అక్కడే ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. తర్వాత తణుకు దాకా ఏం మాట్లాడలేదు.

రేడియో ఇంకో తలనొప్పి. ఇప్పటి బొమ్మ విమానాలన్నీ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఆ తరంగాలు నీళ్ళలో కాస్త లోతుకే చచ్చిపోతాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ లోతుకి వెళ్తాయి. అందుకే అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడి చేత పాత 75 మెగాహెర్ట్జ్ సెట్టు తెప్పించాను. మంచినీళ్ళలో మనకి కావలసిన లోతుకి అది చాలు. ఉప్పునీళ్ళలో చాలదు. ఉప్పు కలిస్తే నీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి, రేడియోని మింగేస్తాయి. అసలు జలాంతర్గాములతో మాట్లాడటానికి నౌకాదళం తిరునల్వేలి దగ్గర కట్టబొమ్మన్ కేంద్రంలో అంతంత ఎత్తు స్తంభాలు నిలబెట్టింది ఇందుకే. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద పంపినా సందేశం కొద్ది మీటర్ల లోతుకే అందుతుంది. ఇదంతా చదివాను. చదివి కూడా పట్టించుకోలేదు.

"కిందికెళ్ళాక నీ మాట వినపడకపోతే?" అని నాన్న రెండుసార్లు అడిగాడు.

"వినపడుద్దిలే నాన్నా."

2022 సంక్రాంతి వెళ్ళాక తెలిసినవాళ్ళ రొయ్యల చెరువులో దించాం. పంటకీ పంటకీ మధ్య ఖాళీగా ఉంది, నాలుగడుగుల నీళ్ళు. నాన్న రాలేదు, పనుందన్నాడు. ఇంట్లో డ్రమ్ములో బావినీళ్ళు పోసి, చక్కగా బరువు సరిచూసి తెచ్చిన పడవ చెరువులో మునగనంది. ట్యాంకు నిండా నీళ్ళు పీల్చినా బురుజు బయటికే ఉంది. గట్టు మీద మనిషి "సెలినిటీ పన్నెండుందండి" అన్నాడు. అప్పుడు వెలిగింది. నీళ్ళలో ఉప్పు ఉంటే నీళ్ళే బరువు. నాలుగు కిలోల పడవకి ముప్ఫై అయిదు గ్రాములు తక్కువైంది. అసలు కుర్సురాకైతే ఆ తేడా ఇరవై టన్నుల దాకా ఉంటుంది. వరదలప్పుడు మన గోదావరి నీళ్ళు వెళ్ళి పడే బంగాళాఖాతంలో పైపొర తియ్యగా, కిందిది ఉప్పగా ఉంటుంది. అక్కడ తిరిగే జలాంతర్గాములు ఎప్పటికప్పుడు ఈ బరువు సరిచూసుకోవాల్సిందే.

ఇంకో నాలుగు గుళ్ళు కట్టాను. ఈసారి మునిగింది. ఎంత అందంగా మునిగిందో! ముక్కు కొంచెం వంచి, బురుజు చుట్టూ చిన్న సుడి తిప్పి, మాయమైంది. చప్పట్లు కొట్టాం. పైకి రమ్మని మీట లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. ఏరియల్ నీళ్ళకి ఆనించి లాగాను. ఆ ఉప్పులో నా మాట దానికి చేరటం లేదు. ట్యాంకు నిండా నీళ్ళతో, అడుగున బురదలో అలా కూర్చుంది. ఏం చెయ్యాలో దానికి చెప్పే మార్గం లేదు. చెప్పకపోయినా ఏం చెయ్యాలో నేను ముందుగా దానికి నేర్పలేదు.

ఎవరు ఫోన్ చేశారో తెలీదు, నాన్న మోపెడ్ మీద వచ్చాడు. చెప్పులు విప్పాడు. లుంగీ ఎగ్గట్టి ఏం మాట్లాడకుండా చెరువులోకి దిగాడు. ఆయన మోకాలు దాటి నీళ్ళలోకి దిగటం అదే మొదటిసారి చూడటం. నేను దిగబోతే "నువ్వుండు" అన్నాడు. కాళ్ళతో బురద తడుముతూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, అడుగు ఎడం జరిగి మళ్ళీ ఇటు. దుక్కి దున్నినట్టు వరసలు వరసలుగా. గంట పట్టింది.

గట్టెక్కాక మూత విప్పి, వేలు పెట్టి లోపల తుడిచి చూశాడు. "చుక్క కూడా కార్లేదు" అన్నాడు. ఆ సీలు సంగతి. తర్వాత అక్కడే కూర్చుని, పడవ వైపు చూస్తూ, "మీ బాబాయిని కూడా ఇలాగే తడిమాం. రెండ్రోజులు. నా కాలికే తగిలాడు" అన్నాడు.

గట్టు మీద మనిషి టీ తెచ్చాడు. తాగాం.

ఆ రాత్రి నుంచి పనంతా ఒక్కదాని మీదే నడిచింది. ఇలాంటి మోడళ్ళు కట్టేవాళ్ళు ఫెయిల్‌సేఫ్ అంటారు. నేను చిన్న సర్క్యూట్ బోర్డు పెట్టాను. రేడియో నుంచి మూడు సెకన్లపాటు ఏ మాటా రాకపోతే మోటారు దానంతటదే నీళ్ళు కక్కేస్తుంది. నాన్నకది చాల్లేదు. "బ్యాటరీ అయిపోతే?" అన్నాడు. పొలంలో మోటారు స్టార్టరులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటున్నంతసేపే మీటని పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది. అదే సూత్రం మీద చిన్న కాయిలు చుట్టి, దాని కింద రెండు వందల గ్రాముల సీసం వేలాడదీశాడు. కరెంటు పోతే సీసం జారిపోతుంది, పడవ పైకొస్తుంది. 1960లో సముద్రంలో అన్నిటికంటే లోతైన చోటుకి దిగిన ట్రియెస్ట్ కూడా ఇనుప గుళ్ళని విద్యుదయస్కాంతాలతోనే పట్టి ఉంచిందని తర్వాత చదివి చెప్పాను. "మరి? పట్టుకోటానికి కరెంటు కావాలిగానీ, వదలటానికి ఎందుకూ?" అన్నాడు.

ఈసారి ఊరి చెరువు. మంచినీళ్ళు. ఎక్కువ కట్టిన గుళ్ళు విప్పేశాం. పిల్లలందరూ చేరారు. నాన్న మెట్ల మీద, నీళ్ళకి రెండు మెట్లు పైన నిలబడ్డాడు. పడవ మునిగింది. నేను చేతిలో సెట్టు కట్టేశాను. ఇక నా దగ్గర చెయ్యటానికేం లేదు. పిల్లలు గట్టిగా లెక్కపెట్టటం మొదలుపెట్టారు. నాన్న పెదాలు కూడా కదులుతున్నాయి. పది దాటింది. పదిహేను. పంతొమ్మిది దగ్గర నీటి మీద బుడగలొచ్చాయి, ఇరవై రెండులో బురుజు లేచింది.

పిల్లలు కేకలు. నాన్న ఇంకో మెట్టు దిగాడు.

"ఇంకోసారి ముంచు" అన్నాడు.