కోపం కాదు, జబ్బు

మా మామయ్యగారికి పార్కిన్సన్స్ అని తెలిసి నాలుగేళ్లు దాటింది. ఈ మాట చెప్పగానే ఎవరైనా "అయ్యో, చేతులు వణుకుతాయా?" అని అడుగుతారు. వణుకుతాయి, నిజమే. కానీ మా ఇంట్లో అందరినీ ఎక్కువ బాధపెట్టింది వణుకు కాదండీ, ఆయన ముఖంలో నవ్వు లేకుండా పోవడం.

మామయ్యగారు తణుకులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాల లెక్క, పేపరు లెక్క అన్నీ డైరీలో ఆయనే రాసేవారు. గుండ్రటి అక్షరాలు. అవి నెలనెలా చిన్నవవుతూ, లైను చివరికొచ్చేసరికి చీమల బారులా తయారయ్యాయి. ఇంకా ముందు నుంచీ, నేను పులిహోరలో ఇంగువ వేసినా "వాసనే లేదేంటమ్మా" అనేవారు. నిద్రలో కేకలు పెట్టి కాళ్లు విసిరేవారు. మలబద్ధకం సరేసరి. నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగేది, కుడి చెయ్యి ఒంటికి అంటుకుపోయినట్టు ఉండేది. కూర్చుని ఉన్నప్పుడు ఆ చెయ్యే వణికేది. గ్లాసు అందుకోగానే వణుకు తగ్గిపోయేది.

వీటన్నిటి మధ్య నలిగిపోయింది అత్తయ్యగారు. మాట్లాడితే నిమిషానికి గానీ జవాబు రాదు, వచ్చినా లోగొంతుకతో. జోకు వేసినా ముఖంలో కదలిక ఉండదు. "నలభై ఏళ్లు నా వంట మెచ్చుకున్న మనిషి, ఇప్పుడు నన్ను చూస్తేనే మొహం ముడుచుకుంటున్నారే" అని నా దగ్గర కళ్లొత్తుకునేవారు. చివరికి పడక కూడా హాల్లోకి మార్చేసుకున్నారు.

విజయవాడలో న్యూరాలజిస్టుకి చూపించాం. ఆయన మామయ్యగారి చేత వేళ్లు టకటకా ఆడించారు, చెయ్యి మడిచి చాపి చూశారు, వరండాలో నడిపించారు. తర్వాత ఇంట్లో వాడే మందులన్నీ అడిగారు. వాంతులకీ, తలతిరుగుడుకీ, మానసిక సమస్యలకీ ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా అచ్చం ఇవే లక్షణాలు వస్తాయట. అలాంటప్పుడు డాక్టరు మందు మారిస్తే చాలామందిలో తగ్గిపోతాయి. మెదడులో చిన్న చిన్న స్ట్రోకుల వల్లా రావచ్చు. ఈ లక్షణాలు ఏ కారణంతో వచ్చినా మొత్తంగా పార్కిన్సనిజం అంటారు. అందులో ఎక్కువగా కనిపించేది పార్కిన్సన్స్ జబ్బు. 1817లో దీని గురించి రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పేరే దీనికి పెట్టారు. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు.

మెదడు లోపల డోపమైన్ తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోవడమే జబ్బు. అవి చాలావరకు పోయాక గానీ వణుకు, బిగుతు బయటపడవు. ఎందుకు పోతాయంటే చాలామందిలో ఫలానా కారణం అని చెప్పలేరు. వయసు, కొంతమందిలో జన్యువులు, పురుగుమందులతో ఎక్కువకాలం పనిచేయడం లాంటివి ముప్పు పెంచుతాయి.

"చేతులూ కాళ్లలాగే ముఖం కండరాలు కూడా నెమ్మదిస్తాయమ్మా. ఆయన లోపల నవ్వుతూనే ఉంటారు, బయటికి రాదంతే" అన్నారు డాక్టరుగారు.

అత్తయ్యగారు వెంటనే మామయ్యగారి వైపు తిరిగి, "అయితే నామీద కోపం లేదా?" అని అడిగారు.

ఆయన కాసేపు ఆగి, "కోప్పడ్డానికి... నువ్వెప్పుడు సందిచ్చావు?" అన్నారు. డాక్టరుగారితో సహా అందరం నవ్వేశాం, ఆయన తప్ప. ఆ రాత్రే అత్తయ్యగారి మంచం మళ్లీ గదిలోకి వెళ్లింది. కాళ్లు విసిరినా తగలనంత దూరంలో!

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మొదలుపెట్టారు. ఇది జబ్బుని పోగొట్టదు, తగ్గిపోయిన డోపమైన్‌ని భర్తీ చేస్తుంది. దీనికి టైము ముఖ్యం. పప్పు, పెరుగు, గుడ్డులాంటి మాంసకృత్తులతో కలిస్తే సరిగా ఒంటపట్టదు. అందుకని మేం భోజనానికి అరగంట ముందే ఇస్తాం. ఐరన్ మాత్ర వేరే పూటకి మార్చారు. దూలగొండి గింజల్లోనూ సహజంగా లెవోడోపా ఉంటుంది. అందుకే ఎవరో చెప్పారని ఆ పొడి ఈ మాత్రకి తోడు వాడకూడదు, డాక్టరుకి చెప్పాలి. మాత్రలు హఠాత్తుగా ఆపడం ప్రమాదం. కొన్నేళ్లకి మందు ప్రభావం ముందే దిగిపోవడం, ఒళ్లు తనంతట తానే మెలికలు తిరగడం మొదలవ్వచ్చు. అప్పుడు మోతాదులు సర్దుతారు. కొందరికి మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్ పనికొస్తుంది.

మిగతాది ఇంట్లో మన చేతిలో పని. గడప దగ్గర మామయ్యగారి కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. చెయ్యి పట్టి లాగితే పడతారు. నేలమీద రంగు టేపు గీతలు అంటించాం. "ఒకటి, రెండు" అనుకుంటూ గీత దాటితే అడుగు పడుతుంది. పట్టాలు తీసేశాం, బాత్రూములో పట్టుకోడానికి కడ్డీ పెట్టించాం. గొంతు కోసం రోజూ సాయంత్రం మా పాపకి పంతొమ్మిదో ఎక్కం దాకా గట్టిగా చెప్పాలి. అది తప్పు చెప్తే ఆయన గొంతు వీధిలోకి వినిపిస్తుంది!

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి ముభావంగా అయిపోయినా, అక్షరాలు చిన్నవైనా, నడకలో ఒక చెయ్యి ఊగకపోయినా వయసు మీద, కోపం మీద నెట్టేయకండి. వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకుని ఒక్కసారి న్యూరాలజిస్టుకి చూపించండి. ప్రశ్న అడిగాక వాళ్ల బదులు మనం జవాబు చెప్పేయకుండా కాస్త ఆగుదాం. మా మామయ్యగారి జోకులన్నీ ఆ ఆగిన నిమిషంలోనే వస్తున్నాయి.