పెన్సిల్ గీతల్లో తాతయ్య లాల్చీ

ఆ బొమ్మలో మనిషి లేడు. కొక్కేనికి తగిలించిన ఖద్దరు లాల్చీ ఒక్కటే ఉంది. పాత కేలండరు కాగితం వెనక మా చిన్నాన్న పెన్సిల్‌తో వేశాడు. ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది నాకు.

తెల్లబట్టని నల్ల పెన్సిల్‌తో వెయ్యడం ఎంత కష్టం! చిన్నాన్న మడతల్లో నీడలు మాత్రం వేసి ఊరుకున్నాడు; మిగతాదంతా కాగితం తెలుపే. భుజాల దగ్గర గీత సన్నబడి తేలిపోతుంది. పక్కజేబు దగ్గరకొచ్చేసరికి ఒత్తి గీశాడు. అక్కడ బట్ట నిజంగానే సాగి వేలాడేది మరి. పొడుం డబ్బా, కళ్లజోడు, చిల్లర అన్నీ అందులోనే. మెడ కింద పట్టీకి కాజాలు ఖాళీగా ఉన్నాయి. ఉతుక్కి వేసేముందు తాతయ్య గొలుసు గుండీలు తీసి అగ్గిపెట్టెలో దాచేవాడు. అంటే ఇది చాకలికి వెయ్యబోయే లాల్చీ. మోచేతి దగ్గర పొట్టి పొట్టి గీతలున్నాయే, అవి నాయనమ్మ వేసిన మాసిక కుట్లు. ఒక్క కుట్టూ వదల్లేదు చిన్నాన్న.

అది పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి నలుసులు పోయి పోగులు బారుగా నిలుస్తాయి. ఆ పత్తిని ఏకులు చేసి ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించేనాటికి తాతయ్య చిన్నపిల్లాడు. పెద్దయ్యాక ఒంటిమీద ఇంకో బట్ట వేసుకోలేదు. గంజిపెట్టి, నీలిమందులో ముంచి ఆరేస్తే ఆ లాల్చీ దండెం మీద నిలబడేది.

చిరిగిపోయాక నాయనమ్మ దాన్ని మసిగుడ్డలు చేసింది. ఖద్దరు తడి బాగా పీలుస్తుంది. వంటింట్లో చాలాకాలం పనికొచ్చింది. అందులో తప్పేమీ లేదు, ఏ ఇంట్లోనైనా జరిగేదే.

తాతయ్య ఫొటో ఉంది మా దగ్గర. అందులో లాల్చీ అంతా ఒకే తెల్లమచ్చ. కాజా కనపడదు, కుట్టు కనపడదు. ఆ బట్ట ఎలా ఉండేదో చెప్పడానికి మాకు మిగిలిన సాక్ష్యం ఈ పెన్సిల్ బొమ్మే.

మీ ఇంట్లో పెట్టె అడుగున అలాంటి బట్ట ఉంటే, స్టీలు సామాన్లవాళ్లకి వేసేముందు బొమ్మలేసే పిల్లల్ని దాని ఎదురుగా కూర్చోబెట్టండి. చిరుగులూ మాసికలూ వదిలెయ్యొద్దని మరీ మరీ చెప్పండి.